ఒళ్ళా, విద్యా

టీవీ తెర నీలంగా వెలిగింది, మేఘన రిమోట్ పైకెత్తింది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను తన ఊపు మీద తాను కాసేపు తిరిగి, ఇక లాభం లేదనుకున్నట్టు నెమ్మదించి ఆగింది. స్టీలు ప్లాంటు కార్మికులుండే క్యాంప్ టూలోని ఆ సందు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకేసారి ఉసూరుమంది. గదిలో ఉన్నవాళ్ళంతా విసుక్కున్నారు గానీ తిరుమలరావు మాత్రం అప్పటిదాకా బిగబట్టుకున్న ఊపిరిని ఎవరికీ వినపడకుండా వదిలాడు. గాలివానకి ఎక్కడో చెట్టుకొమ్మ తీగల మీద పడిందట, గంటైనా పడుతుందట, వీధిలో ఎవరో హిందీలో కేకేసి చెబుతున్నారు. గంట. మంచిదే. తను వెల్లకిలా పడిపోవడం ఈ ఇంటిల్లిపాదీ చూడ్డానికి ఇంకో గంట ఉందన్నమాట. పడిపోయిన సంగతి అందరికీ తెలిసిందే, తనే ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పుకున్నాడు, అయినా చెప్పడం వేరు, నలుగురి మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూడ్డం వేరు. చెప్పేటప్పుడు పడేది మాటల్లోనే కదా.

గోడ మీద యర్రన్న ఫొటోకి గంధపుచెక్క దండ వేసి ఉంది. మొన్న చలికాలంలో పోయాడు. ప్లాంటు నుంచి రిటైరై, చక్కెర జబ్బుతో సన్నబడి, చివరికి మంచం దిగకుండా పోయాడు. కానీ ఫొటోలో ఉన్నది ఆ మనిషి కాదు, ఇండియా స్టీలు ప్లాంట్ల పోటీల్లో ఏటేటా కప్పు పట్టుకొచ్చిన మనిషి, మెడా భుజమూ ఒకే దుంగలో చెక్కినట్టున్న మనిషి. అలాంటివాడు కొట్లాడగా తీసిన బొమ్మ ఒక్కటీ లేదనుకున్నారు ఇన్నేళ్ళూ. ఉన్నవల్లా కప్పులు అందుకుంటున్న ఫొటోలు, మెడలో దండలు, పక్కన ఆఫీసర్లు. ఇప్పుడు పవర్‌హౌస్ దగ్గర పెళ్ళివీడియోలు తీసే నరేంద్ర, ఆ దుకాణం ఖాళీ చేస్తూ పాత క్యాసెట్లు సర్దుతుంటే ఒకటి దొరికిందట, 'బాక్సింగ్, క్లబ్ హాల్' అని రాసి ఉందట. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి యర్రన్న కూతురు మేఘనకి ఇచ్చాడు. అది రైల్వే వాళ్ళకీ ప్లాంటు వాళ్ళకీ జరిగిన ఫైనలు. ప్లాంటు తరఫున యర్రన్నా, రైల్వే తరఫున తనూ. యర్రన్న కొట్లాడిన అన్ని బౌట్లలోకీ దొరక్క దొరక్క ఇదొక్కటే దొరకాలా? మేఘన ఫోను చేసి, "తిరుమల మామయ్యా, మీరు లేకుండా చూడను, బస్, ఆదివారం వచ్చేయండి" అంటే రానని ఎలా అంటాడు. తండ్రి పోయిన పిల్ల. చరోదా రైల్వే కాలనీ నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ వానకు తడిసిన ఎర్రమట్టి వాసనలో ప్లాంటు కోక్ ఓవెన్ల బొగ్గు వాసన కలిసి ముక్కుకి తగులుతుంటే, ఆ రోజు కూడా ఇలాంటి వాసనే ఉండిందా అని గుర్తు తెచ్చుకోబోయాడు. వాసన గుర్తు రాలేదు. హాలు పైకప్పు గుర్తొచ్చింది. ట్యూబులైట్లు, వాటి చుట్టూ పురుగులు, ఒక లైటు రెప్పలాడిస్తూ. ఆ బౌటు మొత్తంలో తనకి తేటగా గుర్తున్నది ఆ పైకప్పొక్కటే.

"ఒళ్ళురా లచ్చీప్రసాదూ, ఒళ్ళు!" గురునాథరావు మొదలెట్టాడు. మొదలెట్టక ఎలా ఉంటాడు, చీకటి గదిలో చేసే పనేముంది. ప్లాంటులో యర్రన్నతో పాటు పట్టాలు తయారుచేసే రైలు మిల్లులో పనిచేసినవాడు, బుర్రమీసాలు తెల్లబడ్డా గొంతు మాత్రం మిల్లు హోరులో మాట్లాడిన గొంతే. "దేముడిచ్చిన ఒళ్ళు. షిఫ్టు దిగి మరోదా చెరువుదాకా పరిగెట్టీసి తిరిగొచ్చి, ఇంటికాడ బోరే బాసి, ఆ చద్దన్నం నీళ్ళు తాగీసి మళ్ళీ దండీలు తీసీవోడు. నాను కళ్ళారా చూసినాను. ఆ ఊపిరి నీకు నేర్పితే వొచ్చీదా, నాకు నేర్పితే వొచ్చీదా?"

లక్ష్మీప్రసాద్ గోడకి ఆనుకుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. కుర్రతనంలో పాటియాలా వెళ్ళి శిక్షణ తీసుకుని వచ్చి, ఈ ఊళ్ళో బాక్సింగు నేర్పింది ఆయనే. యర్రన్నకీ ఆయనే గురువు. "ఒళ్ళైతే నీకూ ఉండీది కదా గురునాథం, దున్నపోతులాగ. మరెందుకు రింగులో నిలబడలేకపోనావు? ఇద్దెరా అది. గార్డు ఎక్కడుండాలి, కాలెక్కడ పడాలి, గెడ్డం ఎక్కడ దాచాలి. నాను నేర్పినాను, ఆడు పట్టుకున్నాడు. అంతే."

ఇదే తగువు. పెళ్ళిళ్ళలో, సంతాప సభల్లో, సివిక్ సెంటర్లో పుల్లఐస్ తింటూ, ఈ ఇద్దరూ కలిస్తే ఇదే. యర్రన్న బతికుండగా ఆయన ఎదురుగానే చేసేవారు, ఆయనేమో ఎవరో మూడో మనిషి గురించి వింటున్నట్టు పళ్ళు కనపడకుండా నవ్వేవాడు. ఆయన పోయాక తగువు తగ్గుతుందనుకున్నాడు తిరుమలరావు. పెరిగింది. ఎందుకు పెరిగిందో కూడా తెలుసు. ఒళ్ళే అయితే ఆ ఒళ్ళు శివనాథ్ నది ఒడ్డున కాలిపోయింది, ఇంక లేదు, మళ్ళీ రాదు. విద్య అయితే ఎక్కడో ఒకచోట మిగిలి ఉండాలి, ఎవరికో ఒకరికి ఇవ్వగలగాలి. మేఘనకి కావలసింది ఆ రెండోదే. సాయంత్రాలు గ్రౌండులో క్యాంపు ఆడపిల్లలకి బాక్సింగు నేర్పుతుంది, తండ్రి పేరు చెప్పి నేర్పుతుంది, కానీ తండ్రి ఎలా కొట్లాడేవాడో ఎరగదు. అందుకే కాబోలు ఆ పిల్ల ఇప్పుడు రిమోట్‌ని రెండు చేతుల్తో పట్టుకుని, వెలగని తెర కేసి చూస్తూ, వీళ్ళ వైపు తల తిప్పకుండానే, "అంకుల్, ఇద్దరూ జర ఆగండి. మీరంతా చూసారు. నేను పుట్టేసరికే పాపా గ్లవ్స్ వదిలేసారు. నాకు ఏమీ తెలీదు. ఇంట్లో అడిగితే 'ఏముందమ్మా, కొట్టాను' అనేవారు" అంది. ఆ 'కొట్టాను' అనే మాటనే మళ్ళీ తండ్రి గొంతుతో, శ్రీకాకుళం యాసతో అనబోయి, మధ్యలో ఆగిపోయింది.

గురునాథరావు గొంతు తగ్గించి తిరుమలరావు వైపు తిరిగాడు. "ఒరే తిరుమలా, నువ్వు సెప్పరాదేటి? దెబ్బలు తిన్నోడివి నువ్వు. ఏటది, ఒళ్ళా, ఇద్దెయా?" తిరుమలరావు నవ్వాడు. "కనపడితే కదా బాబూ సెప్పడానికి. ఆడి సెయ్యి నాకు కనపడనేదు." అందరూ నవ్వారు, తనకి అలవాటైన నవ్వే అది, ఆ మాట మీద ఎప్పుడూ అలాగే నవ్వుతారు. కానీ అది పరాచికం కాదు. నిజంగానే కనపడలేదు. తను కదిలాడు, యర్రన్న గ్లవ్ అప్పటికే అక్కడుంది. ఎడమకి తప్పుకున్నాడు, అక్కడా ఉంది. తన ముఖం ఎక్కడికి వెళ్తే అక్కడికి ముందే వచ్చి కూర్చుని, తలుపు తీసి, రావయ్యా అన్నట్టు. మూడో రౌండులో ఒళ్ళు తెలియని కోపంతో మీదికి వెళ్ళాడు, చేతులు ఎన్నిసార్లు విసిరాడో తెలియదు, తర్వాత పైకప్పు, పురుగులు, రెప్పలాడించే ట్యూబులైటు, దాని వెనక ఎక్కడో దూరంగా రెఫరీ గొంతు అంకెలు లెక్కపెడుతూ. అప్పుడు ఎంతో నిమ్మళంగా అనుకున్నాడు, పడుకునే అనుకున్నాడు: ఓహో, అయితే నేను మందకొడి మనిషినన్నమాట.

మనిషికి తన గురించి ఒక మాట తెలియడానికి ఎంతసేపు పడుతుంది. ఆ మాట మీద బతకడానికి మాత్రం జీవితమంతా పడుతుంది. అంతకు ముందు గెలిచినవన్నీ, డివిజన్‌లోనూ బిలాస్‌పూర్‌లోనూ గెలిచినవన్నీ, ఆ రోజు తర్వాత ఎదుటివాళ్ళ చేతకానితనంగా మారిపోయాయి. గ్లవ్స్ ఎవరికో ఇచ్చేశాడు. యార్డులో పాయింట్స్‌మన్‌గా ఉండగా అసిస్టెంట్ డ్రైవరు పరీక్షకి పేరివ్వమన్నారు, తోటివాళ్ళంతా ఇచ్చారు. చేతి చురుకూ కంటి చురుకూ చూసే పరీక్ష ఒకటి ఉంటుందని తెలిసి తను ఇవ్వలేదు. మన వల్ల ఏటవుతుంది, బండి ముందు ఆవు అడ్డం వస్తే బ్రేకు వెయ్యడానికి నాకు పూటంతా పడతాది, అని నవ్వేశాడు. భార్య కనకలత ఒక వారం మాట్లాడలేదు. ఆ తర్వాత ఆమె కూడా ఆ మాటనే పట్టుకుంది. 'మీ నాన్న నిదానం' అని పిల్లలకి చెప్పేది, మొదట దెప్పుతూ, రానురాను ముద్దుగా. నిదానంలో తప్పేముంది. షంటింగు మాస్టరుకి నిదానమే అందం. చరోదా యార్డులో తెల్లారేటప్పుడు మిట్ట మీంచి వదిలిన వ్యాగన్లు ఇంజను లేకుండా వాటంతటవే దొర్లుకుంటూ వచ్చి, మంచులోంచి ఒక్కొక్కటే బయటపడి, తమ తమ లైన్లలోకి తిరిగి పోతుంటే, పక్కన జెండా పట్టుకుని నించుని చూడ్డం ఎంత బాగుండేదని! ఎవరినీ తొందరపెట్టక్కర్లేదు. అలా వేలకొద్దీ వ్యాగన్లని పంపి రిటైరయ్యాడు. తోటివాళ్ళు డ్రైవర్లై మెయిళ్ళు నడిపారు, హౌరా దాకా, నాగపూర్ దాకా. వాళ్ళ బండి దాటుతూ కూత పెడితే తను చెయ్యి ఊపేవాడు. బాధ అనేది ఉందా? ఏమో. ఎత్తు తక్కువవాడు అటక మీది డబ్బా కోసం బాధపడతాడా, అందదని తెలిసినవాడు.

యర్రన్న భార్య వరమ్మ వదిన వంటింటి గుమ్మంలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. యర్రన్న పోయాక ఆమె గదిలోకి వచ్చి కూర్చోదు, అలాగని లోపలా ఉండదు, గుమ్మంలోనే ఉంటుంది. ఆమెని చూస్తే తిరుమలరావుకి ఎప్పుడూ మామిడికాయ పప్పు గుర్తొస్తుంది, ఎందుకంటే ఆ బౌటు అయిన వారానికి యర్రన్న సైకిలు మీద చరోదా వచ్చి, క్వార్టరు ముందు బెల్లు కొట్టి, 'మా ఇంటికాడ నీకు అన్నం ఒండుతున్నారు, ఎక్కు' అన్నాడు. ఓడించినవాడి సైకిలు క్యారేజీ మీద కూర్చుని, దవడ ఇంకా వాచే ఉండగా, దారిపొడుగునా ముందున్న ఆ వీపునే చూస్తూ వచ్చాడు. ఆ వీపు మామూలు వీపే. చొక్కాకి చెమట మరక. అంత వేగం ఇందులో ఎక్కడ దాచాడా అని వెతికాడు. తొక్కుతున్నంతసేపూ సైకిలు తొందరపడలేదు. వెనకనుంచి లారీ వస్తుందని తనకి చప్పుడు వినపడకముందే పక్కకి తప్పించేవాడు, మళ్ళీ రోడ్డెక్కేవాడు. అప్పుడు వరమ్మ వదిన కొత్త కోడలు. పప్పులో నూనె ఎక్కువేసి, మాట్లాడకుండా వడ్డించింది. ఆ తర్వాత ఇక రాకపోకలే రాకపోకలు, పండక్కీ పబ్బానికీ, పిల్లల పుట్టినరోజులకీ, ఆస్పత్రికీ. ఓడినవాడూ గెలిచినవాడూ అన్న సంగతి రెండిళ్ళ మధ్యా అరిగి అరిగి మాయమైంది. ఒక్కసారి కూడా ఆ బౌటు గురించి మాట్లాడుకోలేదు. మాట్లాడి ఉంటే ఏమనేవాడో! 'ఏముందిరా, కొట్టాను' అనేవాడేమో. ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు అడగాలనిపించింది, అన్నా, నీ చెయ్యి నాకెందుకు కనపడలేదు అని. దుప్పటి మీద ఆ చెయ్యే ఉంది, సూదుల గుర్తులతో, గుప్పిట్లో పట్టేటంత సన్నమై. చూస్తే అడగబుద్ధి కాలేదు.

బయట వాన తగ్గి, చూరు నీళ్ళ చప్పుడు మిగిలింది. లక్ష్మీప్రసాద్ ఏదో కాంపిటీషన్ గురించి, దుర్గాపూర్ అనుకుంటా, చెబుతున్నాడు. గురునాథరావు అడ్డం పడుతున్నాడు. మాటలు వాన చప్పుడులో కలిసిపోయి ఒక ఊరుమ్మడి గొణుగుడులా ఉన్నాయి. అంతలో ఫ్యాను కదిలింది. వీధి వీధంతా హోయ్ అంది. మేఘన అప్పటికే లేచి నించుంది.

నీలం తెర. తర్వాత గీతలు, గీతల మీద గీతలు, వాటి వెనక ఊగుతున్న వెలుగు. నరేంద్ర పెళ్ళివీడియోల మనిషి కదా, తెర నాలుగు మూలలా గులాబీలు పెట్టాడు, గురునాథరావు పకపకా నవ్వాడు. గులాబీల మధ్య ఒక రింగు. తాళ్ళు. ముఖాలు పోల్చుకోవడానికి లేదు, అన్నీ నానిన కాగితం మీది సిరా మరకల్లా ఉన్నాయి. ఎర్ర బనీను ఒకటి, నీలం బనీను ఒకటి. తనకి ఏది తొడిగారో తిరుమలరావుకి జ్ఞాపకం లేదు, సామాన్ల గదిలోంచి ఎవరో ఒకటి విసిరితే వేసుకున్నాడు. గంట వినపడింది, బురదలో మోగినట్టు. అంతే, నీలం బనీను లేచింది.

అది లేవడమూ కాదు, రావడమూ కాదు. ఇక్కడున్నవాడు అక్కడున్నాడు, మధ్యలో ఉన్న జాగా ఏమైందో తెలియదు. చేతులు చేతుల్లా కనపడటం లేదు. కెమెరా వాటిని పట్టుకోలేక, గాలిలో మసక చారలు గీసి ఊరుకుంటోంది. కాళ్ళు చాప మీద చినుకులు పడ్డట్టు పడుతున్నాయి. తిరుమలరావుకి ఒళ్ళు గగుర్పొడిచింది. ఇన్నేళ్ళకి చూశాను, అనుకున్నాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఇన్నేళ్ళకి కనపడ్డావు యర్రన్నా, నాకు తగిలింది ఇదా, ఇంతటి దాని ముందు నించున్నానా నేను, ఇంతసేపు ఎలా నించున్నాను!

"అదీ!" గురునాథరావు కుర్చీలోంచి సగం లేచాడు. "సూడండి, సూడండి! మెరుపు కాదేటది? ఇది నేర్పితే వొచ్చీదేనేటి లచ్చీప్రసాదూ? ఒళ్ళు కాదేటి?" లక్ష్మీప్రసాద్ కళ్ళజోడు పైకి తోసుకుని తెర కేసి వంగాడు. గుమ్మంలోంచి వరమ్మ వదిన గొంతు వచ్చింది, పెద్దగా కాదు, బియ్యంలో రాయి ఏరినంత మామూలుగా.

"ఆయన కాదది. ఆయన ఈ ఎర్ర బనీను. ఈ నిలబడ్డోరు."

ఆమె విసనకర్రతో తెర కేసి చూపించింది. "ఆయనలాగే నిలబడీవోరు. పాల పేకెట్ల లైన్లో కూడా అలాగే."

మేఘన రిమోట్ నొక్కింది. బొమ్మ ఆగింది. తెర మీద ఎర్ర బనీను మనిషి అచ్చు గుద్దినట్టున్నాడు, ఛాతీ మీది అంకె కూడా చదవొచ్చు. ఎదురుగా నీలం బనీను మనిషికి మోచేతుల కింద ఏమీ లేదు, మసక, ఒట్టి ఎర్రటి గ్లవ్స్ మసక. మేఘన ఆ మసకనే కాసేపు చూసి, మెల్లిగా వెనక్కి తిరిగింది. "మామయ్యా, ఇది మీరు" అంది.

మేఘన మళ్ళీ ఆడించింది. ఇప్పుడు తిరుమలరావు తెలిసి చూస్తున్నాడు. ఆ మెరుపు తను. ఆ చినుకుల కాళ్ళు, ఇప్పుడు మోకాళ్ళ నొప్పికి తైలం రాసుకునే ఈ కాళ్ళు. ఎక్కడో లోపల ఒక గదిలో ఇన్నేళ్ళూ తాళం వేసుకుని కూర్చున్న కుర్రాడెవడో కిటికీ తెరిచి చూసినట్టయింది, వాడి మీద జాలి వేసింది, గర్వం వేసింది, పరీక్షకి పేరివ్వని రోజున టేబులు మీద ఫ్యాను గాలికి ఊగిన దరఖాస్తు కాగితం గుర్తొచ్చింది, హౌరా మెయిలు కూత గుర్తొచ్చింది. నేను మందకొడిని కాదు. నేను ఎప్పుడూ మందకొడిని కాదు. ఆ మాట ఎవరూ తనతో అనలేదు, తనే పడుకుని తనకి చెప్పుకున్నాడు, తనే నమ్మాడు. గట్టిగా ఏడ్చేస్తాడేమో అనుకునేలోగా ఇంకో సంగతి తట్టి, ఆ ఏడుపు అక్కడే ఆగిపోయింది. ఇంత వేగంగా ఉన్నాడు కదా తను. మరి ఎలా ఓడాడు?

అందరూ ఇప్పుడు ఎర్ర బనీనునే చూస్తున్నారు. యర్రన్న నించుని ఉన్నాడు. కదలడం లేదని కాదు, కదులుతున్నాడు, అరుగు మీద కూర్చున్నవాడు ఎండ పొడ మీద పడితే కాస్త జరిగినట్టు జరుగుతున్నాడు. ఆ జరిగిన జాగాలోంచి తన గుద్దులన్నీ గాలిలోకి పోతున్నాయి. అప్పుడప్పుడూ చెయ్యి చాస్తున్నాడు, కొట్టడానికి కూడా కాదు, అక్కడ పెడుతున్నాడు, తన ముఖం వెళ్ళి దానికి తగులుతోంది. మేఘన వేగం తగ్గించి ఆడించింది, ఇంకా తగ్గించింది. అప్పుడు కనపడింది. తన భుజం కదలకముందే యర్రన్న జరుగుతున్నాడు. చెయ్యి కదిలాక కాదు, భుజం కదిలాక కూడా కాదు. ముందు. తను కొట్టాలనుకున్న సంగతి తనకి తెలిసే లోపల.

"ఇదేటి," గురునాథరావు గొంతులో మిల్లు హోరు పోయింది. "ఈడు కదలడమే నేదేటి? నాను చూసిన జోరు... నాను చూసినాను కదా, ఆ రోజు హాల్లో నాను ఉన్నాను. ఎంత జోరు..." అని తన అరచేతుల కేసి చూసుకున్నాడు. లక్ష్మీప్రసాద్ గెలిచినట్టు నవ్వుతాడని అందరూ చూశారు. ఆయన నవ్వలేదు. నడుం దగ్గరికి వేలాడుతున్న యర్రన్న ఎడమ చేతిని చూపించాడు. "గార్డు సూడు ఎక్కడుందో. కిందుంది. కాళ్ళు సూడు, కలిసిపోయున్నాయి. గెడ్డం పైకే ఉంది. ఇలాగ నిలబడితే చంపీస్తానని చెప్పినాను ఈడికి. నాను నేర్పిందొక్కటీ సెయ్యలేదురా. ఒక్కటీ." చెబుతూ చెబుతూ చెంపల మీద చేతులు ఆనించుకున్నాడు. దేవుడి ముందు చేసినట్టు లెంపలు వేసుకోబోయి ఆగాడో, ఏమో. గదిలో తగువు లేదు. ఇన్నేళ్ళ తగువు, గులాబీల మధ్య నించున్న ఆ ఎర్ర బనీను మనిషి ముందు చెరో వైపునుంచీ ఖాళీ అయిపోయింది.

అప్పుడు మూడో రౌండు వచ్చింది. తను మీదికి వెళ్ళడం, చేతులు విసరడం, ఆ మసక. యర్రన్న చెయ్యి వచ్చింది, చిన్నగా, ఏదో అందుకోవడానికన్నట్టు. నీలం బనీను వెనక్కి పడిపోయింది. తను పడిపోవడం తిరుమలరావు చూశాడు, సిగ్గు వెయ్యలేదు. ఎందుకంటే అతను తనని చూసుకోవడం లేదు. యర్రన్న ముఖాన్ని చూస్తున్నాడు. ఎంత నానిన బొమ్మైనా ఒకటి తెలుస్తోంది, ఆ తల వంగి ఉన్న తీరు. అందరు బాక్సర్లూ ఎదుటివాడి గ్లవ్స్ చూస్తారు, భుజాలు చూస్తారు. ఇతను అవేవీ చూడటం లేదు. మనిషిని చూస్తున్నాడు. కోపం లేదు, పంతం లేదు. అంత హోరులో, అన్ని గుద్దుల మధ్య, బడిలో కొత్త అక్షరం దిద్దుకునే పిల్లవాడిలా తనని చూస్తున్నాడు. తన ఊపిరి ఎక్కడ మొదలవుతుందో, తన భయం ఎటు వంగుతుందో, తన రోషం ఏ కాలి మీద లేస్తుందో అన్నీ. కన్నతల్లి అలా చూసిందా తనని? కనకలత చూసిందా? తనని తను చూసుకున్నాడా? ఆ కాసిన్ని నిమిషాల్లో, ఈ భూమ్మీద తనని అంత శ్రద్ధగా, అంత పూర్తిగా చూసిన మనిషి ఇంకొకడు లేడు. చూశాడు గనకే కదా, వారం తిరిగేసరికి సైకిలేసుకుని వచ్చాడు. ఓడిపోవడం అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇంతగా ఒకరికి తెలిసిపోవడం అని ఎవరనుకుంటారు?

"కొత్తల్లో బయ్యిమేసీది," వరమ్మ వదిన ఎవరితోనూ అన్నట్టు కాకుండా అంది. "అన్నం ఒడ్డిస్తా ఉంటే అలాగే సూసీవోరు. ఏటలా సూస్తారు అంటే, ఏమీ నేదే, నీ కాలు నొప్పిగుంది కదా, కూకో, అనీవోరు. నాను ఎవులికీ సెప్పలేదు కాలు నొప్పని."

మేఘన బొమ్మని వెనక్కి తిప్పింది, మళ్ళీ చూసింది, మళ్ళీ తిప్పింది. చాలాసేపు. ఏడుస్తుందేమో అనుకున్నారు గానీ ఏడవలేదు. పిల్లలకి నేర్పే మనిషి కదా, పెదవులు బిగించి, కుడికాలు నేల మీద కొద్దికొద్దిగా కదుపుతోంది, అరుగు మీద ఎండ పొడకి జరిగినట్టు. తర్వాత రిమోట్ స్టూలు మీద పెట్టి, చున్నీ తీసి నడుముకి కట్టుకుని, కుర్చీలు పక్కకి జరిపింది. "మామయ్యా, ఉఠియే, లేవండి. ఒక్కసారి. అలా రండి నా మీదికి" అంది.

"నేనా? మోకాళ్ళు..." అన్నాడు తిరుమలరావు, అంటూనే లేచాడు. చెప్పులు విడిచాడు. గచ్చు చల్లగా తగిలింది. చేతులు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే వాటి చోటికి అవి వెళ్ళాయి. మేఘన ఎదురుగా నించుంది, ఎడమ చెయ్యి కిందికి వదిలి. అతను ఎడమ అరచెయ్యి విసిరాడు. తుప్పు పట్టిన వేగమే, అయినా ఆమె తప్పుకునేలోగా బుగ్గకి మెత్తగా తగిలింది. గురునాథరావు 'ఓలమ్మో' అన్నాడు. మళ్ళీ విసిరాడు, మళ్ళీ తగిలింది. మేఘన నుదుటి మీద చెమట పట్టింది. "మేరే సే నహీ హోగా మామయ్యా, నా వల్ల కాదు," అంది, "పాపాకి ఎలా తెలిసేదో నాకు తెలీదు. నాకు రాదు."

తిరుమలరావు చేతులు దించాడు. దెబ్బలు తినడమే తప్ప నేర్పడం ఎప్పుడూ చెయ్యలేదు. కానీ అటువైపు నించుని ఆ చూపు కింద తడిసినవాడు తనొక్కడే కదా, ఎలా ఉంటుందో ఒంటికి తెలుసు.

"నువ్వు నా సెయ్యి సూస్తన్నావమ్మా," అన్నాడు. "సెయ్యి సూస్తే అందదు. అది జోరైన సెయ్యి. మీ నాన్న నా సెయ్యి సూడలేదు. నన్ను సూసినాడు. నన్ను సూడు తల్లీ."

మేఘన ముంగురులు వెనక్కి తోసుకుంది. తల కొంచెం వంచింది. తర్వాత కళ్ళెత్తి అతని ముఖంలోకి చూసింది, అక్కడే ఆగింది. మొదట అందులో కంగారు ఉంది, తండ్రి పోయిన దిగులు ఉంది, నాకు రాదన్న భయం ఉంది. అవన్నీ ఒకటొకటిగా అడుక్కి దిగాయి. ఇంక ఆమె ఏమీ వెతకడం లేదు, అతన్ని చూస్తోంది, అంతే. తిరుమలరావు ఆ చూపుని గుర్తుపట్టాడు, అది యర్రన్న చూపే. ఊపిరి పీల్చుకున్నాడు, ముని వేళ్ళ మీద లేచాడు.

కదిలాడు. వేగంగానే కదిలాడు.